పాత బండికి కొత్త ఎద్దు



“పాత యొక రోత, కొత్త యొక వింత” యని మన పెద్దలు సామెతగా చెప్పుదురు. ఈ సామెత చెల్లని దేశ మొకటి కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములకు దక్షిణమున, ఫ్లారిడా రాష్ట్రపు కొస నుండి కేవలము 90 మైళ్ల దూరమున, సముద్రమధ్యమున నున్న క్యూబా ద్వీపమే ఆ దేశము. దాని రాజధాని హవానా. 1940, 1950 దశకములలో అమెరికాలో తయారైన మోటారుకార్లు ఆ నగరపు వీథులలో నేటికిని ప్రయాణికులను మోయుచున్నవి. షెవ్రొలే, ఫోర్డు, బ్యూయిక్, ప్లిమత్, డాడ్జి మొదలైన పేర్లు వాని నొసళ్ల మీద మెరయుచుండును. అయితే ముందరి మూత యెత్తి చూచినచో లోపల నుండునది తఱచుగా అమెరికా ఇంజను కాదు. అది రష్యాదో, జపానుదో, కొరియాదో, ఫ్రాన్సుదో అయి యుండును. ఒక దేశపు దేహములో మరియొక దేశపు గుండె కొట్టుకొనుచుండును. ఇది యెట్లు సంభవించినది, ఎవరు చేసిరి, ఏల చేసిరి, దాని వలన వారికి కలిగిన లాభనష్టము లెట్టివి అను విషయములను ఈ ప్రసంగమున మనవి చేసెదను.

ఇంజను మార్చుట యనగా నేమో మొదట చెప్పవలెను. ఇది పల్లెవాసులకు కష్టముగా తోచెడి సంగతి కాదు. మీ యింట తాతలనాటి బండి యున్నదనుకొనుడు. నొగలు గట్టివి, ఇరుసు గట్టిది, చక్రములు మరమ్మతు చేయించినచో ఇంకను పదియేండ్లు నడచును. కాని కాడికి కట్టిన ఎద్దు ముసలిదైనది, లేదా దాని మేత మనకు భారమైనది. అప్పుడు బండిని పొయ్యిలో పెట్టుదుమా? పెట్టము. సంతకు పోయి, చేతిలో నున్న సొమ్మునకు తగిన మరియొక ఎద్దును తెచ్చి కట్టుదుము. మోటారుకారునకు ఇంజను ఎద్దు వంటిది. తక్కిన యినుప చట్రము, పైకప్పు, తలుపులు, పీటలు, చక్రములు బండి వంటివి. పాత కారును కొద్ది సొమ్ముతో బ్రతికించుకొనవలెనను వానికి ఎద్దును మార్చుటయే దగ్గరి దారి. కాని యొక భేదము కలదు. ఏ ఎద్దైనను ఏ కాడికైనను సుమారుగా సరిపడును. ఇంజను అట్లు సరిపడదు. ఒక కర్మాగారము వారి ఇంజను మరియొక కర్మాగారము వారి కారులో కూర్చుండవలెనన్న, అంగుళము అంగుళము కొలిచి, కోసి, అతికి, తరిమెన పట్టి సరిచేయవలెను. ఆ పనిని గురించి ముందు చెప్పెదను.

ఈ విద్య క్యూబాలోనే పుట్టినది కాదు. ఆ కార్లకు జన్మస్థానమైన అమెరికాలోనే మొదట వ్యాపించినది. హెన్రీ ఫోర్డు 1908 నుండి 1927 వరకు తన మోడల్ టి కార్లను ఒకటిన్నర కోటికి పైగా చేసి యమ్మెను. ఆ కారు ఇంజను బలము 20 అశ్వశక్తులు మాత్రమే. తరువాత 1932లో ఆయనయే ఎనిమిది సిలిండర్లు గల 65 అశ్వశక్తుల ఇంజనుతో చౌకకారు నొకదానిని సామాన్యులకు అందుబాటులోనికి తెచ్చెను. కొన్ని యేండ్లకు ఆ ఇంజనులు పాతసామానుల దొడ్లలో చవుకగా దొరకసాగెను. కాలిఫోర్నియా రాష్ట్రపు పడుచువాండ్రు వానిని కొని, తేలికయైన పూర్వపు ఫోర్డు కార్లలో బిగించి, ఎండిన చెరువుల బయళ్లలో పందెములు పరుగెత్తించిరి. 1937లో దక్షిణ కాలిఫోర్నియాలో అట్టి పందెముల కాలమును కొలుచుట కొక సంఘము కూడ ఏర్పడెను. ఆ బండ్లకు హాట్ రాడ్ లని పేరు. అక్కడ ఇంజను మార్చుటకు కారణము వేగము నందలి మోజు. క్యూబాలో కారణము వేరు. అక్కడ అది కూటి కొరకు నేర్చిన విద్య. పని యొక్కటియే యైనను చేయు కారణమును బట్టి చరిత్ర రెండు త్రోవలు పట్టినది.

ఇక క్యూబా సంగతి. ఆ ద్వీపమునకు చెరకే ప్రాణము. అచ్చటి పంచదారను కొన్నవారిలో అమెరికావారే ముఖ్యులు. పంచదార అమ్మిన సొమ్ముతో క్యూబాలోని ధనికులు, మధ్యతరగతివారు అమెరికా నుండి కార్లు తెప్పించుకొనుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము పదునాలుగేండ్ల కాలములో హవానా వీథులు అమెరికా కార్లతో నిండిపోయెను. ఫ్లారిడా నుండి పడవలో కారు తెచ్చుట దూరపు పని కాదు. విడిభాగము లేదైనను కావలసినచో వర్తకునికి కబురు పెట్టిన కొలది దినములలో వచ్చెడిది. అందుచేత ఆ కార్లను మరమ్మతు చేయువారికి ఆనాడు విశేషమైన చాతుర్య మక్కరలేకుండెను. అరిగిన భాగమును తీసి, కొత్త భాగమును పెట్టుటతో పని ముగిసెడిది.

1959వ సంవత్సరము జనవరి 1వ తేదీన బతీస్తా అను నియంత దేశము విడిచి పారిపోయెను. ఫిడెల్ కాస్ట్రో నాయకత్వమున విప్లవకారులు అధికారమునకు వచ్చిరి. 1960 ఫిబ్రవరిలో క్యూబా సోవియట్ దేశముతో పంచదార నిచ్చి నూనె పుచ్చుకొను ఒడంబడిక చేసికొనెను. ద్వీపములోని విదేశీ కంపెనీల నూనెశుద్ధి కర్మాగారములు ఆ రష్యా నూనెను శుద్ధిచేయ నిరాకరింపగా, క్యూబా ప్రభుత్వము ఆ కర్మాగారములను స్వాధీనపరచుకొనెను. జూలైలో అమెరికా పంచదార కొనుగోలును తగ్గించివేసెను. అదే యేట అక్టోబరులో ఆహారము, మందులు తప్ప తక్కిన సరకు లేవియు క్యూబాకు ఎగుమతి కాకుండ నిషేధించెను. 1962 ఫిబ్రవరిలో అధ్యక్షుడు కెనెడీ ఆ నిషేధమును సర్వవ్యాపారమునకును విస్తరింపజేసెను. 90 మైళ్ల దూరము ఒక్కసారిగా దాటరాని దూరమైపోయెను. అంతవరకు వచ్చిన కార్లు వచ్చినవే. అటుపిమ్మట కొత్త కారు లేదు, పాత కారునకు కొత్త భాగమును లేదు.

ఇచట నొక చట్టపు సంగతి గమనింపదగినది. విప్లవానంతరము సోవియట్ దేశము నుండి లాడా, మాస్క్విచ్, వోల్గా కార్లు వచ్చినవి. కాని వానిని అంగడిలో కొనుటకు వీలులేదు. వైద్యులు, ఇంజనీర్లు, క్రీడాకారులు, పేరొందిన పనివారు మొదలగువారికి ప్రభుత్వము అనుమతి యిచ్చి పంచిపెట్టెడిది. అట్లు పొందినవారు దానిని తమ యిష్టము వచ్చినట్లు ఇతరులకు అమ్ముకొనరాదు. విప్లవమునకు పూర్వము ద్వీపములో నున్న కార్లు మాత్రము యథేచ్ఛగా అమ్మవచ్చును, కొనవచ్చును. ఈ నియమము 2011 వరకు అమలులో నుండెను. కాబట్టి ఎవరి దయయు, ఎవరి సిఫారసును లేకుండ ఒక సామాన్యుడు కూడబెట్టిన సొమ్ముతో కొని తన దనిపించుకొనదగిన కారు ఆ పాత అమెరికా కారొక్కటియే. తండ్రి చనిపోయినచో కొడుకునకు వచ్చెడి ఆస్తి అది. కూతురు పెండ్లికి తాకట్టు పెట్టదగిన భూమి మన పల్లెలో నెట్టిదో, అక్కడ ఆ పాత కారు అట్టిది. దానిని చావనీయకుండుటకు వారు పడిన పాట్లు అర్థము కావలెనన్న ఈ నియమమును మరువరాదు.

మొదటి పదియేండ్లు ఒక కారును విప్పి మరియొక కారునకు పెట్టుటతో గడిచెను. రెండు పాడైన కార్ల నుండి ఒక మంచి కారు పుట్టెడిది. కాని ఇంజను నిప్పుతో బ్రతుకు వస్తువు. దాని ముషలకములు, కవాటములు, బేరింగులు అరిగితీరును. సిలిండరును ఒకటి రెండు మారులు తొలిచి వెడల్పు చేయవచ్చును. ఆ పిమ్మట గోడ పలుచబడిపోవును. అప్పుడు వారి దృష్టి సోవియట్ వాహనముల మీదికి పోయెను. గుద్దుకొని పాడైన వోల్గా కారు నుండియో, ప్రభుత్వము త్రోసివేసిన జీపు నుండియో ఇంజను సంపాదించి, షెవ్రొలే లోనో ఫోర్డు లోనో కూర్చుండబెట్టిరి. వోల్గా ఇంజను నాలుగు సిలిండర్లది, పరిమాణమున సుమారు 2.4 లీటర్లది. 1950 దశకపు షెవ్రొలే ఇంజను ఆరు సిలిండర్లది, 3.9 లీటర్లది. పెద్ద ఎద్దును విప్పి చిన్న ఎద్దును కట్టినట్లయినది. పరుగు తగ్గెను. కాని మేతయు తగ్గెను. బండి నిలిచెను.

ఇందులో నాకు మిక్కిలి వింతగా తోచిన సంగతి యొకటి కలదు. వోల్గా కార్లను చేసినది గోర్కీ నగరపు కర్మాగారము. ఆ నగరమును పూర్వము నీజ్ని నోవ్గొరద్ అనిరి, నేడును అదే పేరుతో పిలుచుచున్నారు. ఆ కర్మాగారము ఎవరి సాయముతో వెలసినది? 1929లో సోవియట్ ప్రభుత్వము హెన్రీ ఫోర్డు కంపెనీతో ఒడంబడిక చేసికొని, వారి పటములను, యంత్రములను, శిక్షణను పొంది ఆ కర్మాగారమును నిర్మించెను. 1932లో అచ్చట మొదట తయారైన వాహనములు ఫోర్డు నమూనాలే. కొన్ని దశాబ్దముల తరువాత ఆ కర్మాగారపు ఇంజను సముద్రములు దాటి వచ్చి, హవానాలో నొక ఫోర్డు కారునకు ప్రాణము పోసెను. రాజ్యములు ఒండొంటిని శత్రువులనుకొనుచున్నను విద్య మాత్రము వారి సరిహద్దులను లెక్కచేయదు. ఒకరి యింట దీపమునుండి వెలిగించుకొన్న దీపము, మొదటి యిల్లు చీకటియైన నాడు తిరిగి వెలుగు నిచ్చినట్లు ఇది జరిగినది.

ఈ పని యెట్లు చేయుదురో కొంత వివరించెదను. మొదట పాత ఇంజనును గొలుసుతో పైకెత్తి తీసివేయుదురు. కొత్త ఇంజను కాళ్లు కారు చట్రము మీద పూర్వపు చోట ఆనవు. కనుక ఇనుపపలకలు కోసి, వెల్డింగు చేసి కొత్త ఆధారములు కట్టుదురు. ఇంజను అదురు చట్రమునకు తగులకుండ నడుమ రబ్బరు దిమ్మలు పెట్టుదురు. ఇంజను అడుగున నూనె నిలుచు తొట్టి చట్రపు అడ్డకమ్మికి తగిలినచో ఆ తొట్టిని కోసి మరల అతుకుదురు. తరువాత గేరుపెట్టె. ఇంజను వెంట దాని గేరుపెట్టెయే దొరికినచో అదృష్టము. దొరకనిచో పాత గేరుపెట్టెకును కొత్త ఇంజనుకును నడుమ నొక మందపు పలకను లేతు యంత్రము మీద చేయవలెను. రెంటి నడిబొడ్డులును ఒకే గీత మీదికి రావలెను. వెండ్రుకవాసి తప్పినను కొలది నెలలలో బేరింగులు నుగ్గగును.

గేరుపెట్టె నుండి వెనుక చక్రములకు బలము తీసికొనిపోవు పొడవైన ఇనుపకడ్డీ యొకటి కలదు. కొత్త గేరుపెట్టె పొట్టిదైనచో దానిని పొడిగింపవలెను, పొడుగుదైనచో కోసి అతుకవలెను. అతుకు వంకరైనచో కారు వేగము పుంజుకొన్నప్పుడు జ్వరము వచ్చినట్లు వణకును. 1954 వరకు చేసిన షెవ్రొలే కార్లలో ఈ కడ్డీ ఒక గొట్టములో మూయబడి యుండును. అది కొత్త గేరుపెట్టెలకు పొసగదు. అందుచేత వెనుక ఇరుసును కూడ మార్చవలసి వచ్చెడిది. విద్యుత్తు సంగతి వేరు. షెవ్రొలే కార్లు 1955కు పూర్వము 6 వోల్టుల విద్యుత్తుతో నడచెడివి. వోల్గాకు 12 వోల్టులు కావలెను. కనుక దీపములు, తీగెలు, బ్యాటరీ యన్నియు మార్పవలెను. కొత్త ఇంజను తేలికదైనచో కారు మూతి పైకెత్తి నిలుచును, బరువైనదైనచో మూతి క్రుంగును. దానికి తగినట్లు ముందరి స్ప్రింగులను సరిచేయవలెను. ఈ పనుల కేవియు ముద్రిత గ్రంథములు లేవు. ఒక లేతు యంత్రము, ఒక వెల్డింగు సాధనము, ఆకురాయి, కొలబద్ద, కంటిచూపు, తండ్రి చెప్పిన మాట. ఇవియే వారి పరికరములు.

1991 డిసెంబరులో సోవియట్ సమాఖ్య విచ్ఛిన్నమయ్యెను. క్యూబాకు చౌకగా వచ్చుచుండిన నూనె ఆగిపోయెను. “శాంతికాలపు ప్రత్యేక దశ” యని ప్రభుత్వము పేరుపెట్టిన గడ్డుకాలము దాపురించెను. బస్సులు నిలిచిపోయెను. చీనా నుండి పది లక్షలకు పైగా సైకిళ్లు తెప్పించి పంచిరి. లారీ వెనుక తగిలించిన పెద్ద పెట్టెలో వందలకొలది జనమును కుక్కి తీసికొనిపోవు వాహనములు హవానాలో వెలసెను. వాని వీపున రెండు మూపురము లుండుటచేత జనులు వానిని ఒంటె లనిరి. 1993లో ప్రభుత్వము కొన్ని వృత్తులను స్వంతముగా చేసికొనుటకు అనుమతి నిచ్చెను. అప్పుడు అమెరికా కారునకు క్రొత్త పని దొరికెను. నిర్ణీతమైన బాటలో పోవుచు, దారిలో చేయి చూపిన వారినెల్ల ఎక్కించుకొని, తలా కొంత రుసుము పుచ్చుకొను బాడుగ బండిగా అది మారెను. మన పల్లెల నడుమ తిరుగు షేరు ఆటో వంటి దనుకొనుడు. గుండ్రని పెద్ద ఆకారమును బట్టి వానిని అక్కడివారు “అల్మెంద్రోన్” అందురు. పెద్ద బాదంకాయ యని దాని యర్థము.

ఇచటనే ఈ చరిత్రలోని ముఖ్యమైన లెక్క యున్నది. పెద్ద కారులో ముందు వరుసలో ఇద్దరు, వెనుక ముగ్గురు, నడుమ అదనపు పీట వేసినచో మరికొందరు కూర్చుందురు. చిన్న లాడాలో అంతమంది పట్టరు. కనుక సంపాదించునది కారు దేహము. తినునది ఇంజను. ఎక్కువ సంపాదించు దేహమునకు తక్కువ తిను ఇంజను తగిలించినవాడే బాగుపడును. అందుచేత పెట్రోలు ఇంజనుల స్థానమున డీజిలు ఇంజనులు రాసాగెను. పెట్రోలు ఇంజనులో ఇంధనమును నిప్పురవ్వ అంటించును. డీజిలు ఇంజనులో గాలిని ఇరువది వంతుల వరకు ఇరికించి నొక్కుటచేత పుట్టిన వేడియే ఇంధనమును మండించును. అట్లు గట్టిగా నొక్కి మండించుటచేత అదే ఇంధనము నుండి ఎక్కువ పని పుట్టును. మాటవరసకు, పాత ఇంజను ఒక లీటరుతో ఆరు కిలోమీటర్లు పోయినచో కొత్తది పండ్రెండు పోవు ననుకొనుడు. దినమునకు నూటయిరువది కిలోమీటర్లు తిరుగువానికి ఇరువది లీటర్ల స్థానమున పది లీటర్లు చాలును. మిగిలిన పది లీటర్ల వెలయే బిడ్డల పాలు, బడి, మందులు. జపాను, కొరియా, ఫ్రాన్సు దేశముల వ్యాను ఇంజనులు 1950 దశకపు షెవ్రొలేలలో చేరుటకు కారణ మిదియే.

ఈ కథను విన్నవారు ఆ మేస్త్రీల తెలివిని మెచ్చుకొందురు. మెచ్చుకొనదగినదే. కాని మెచ్చుకోలులో ఒక ప్రమాదము కలదు. లేమిని సొగసుగా వర్ణించి, “చూడుడు, లేమియే తెలివిని పుట్టించినది” యని తృప్తిపడుట సులభము. తప్పనిసరియైన తెలివి వేరు, కోరి నేర్చిన తెలివి వేరు. ఆ కార్లలో పెక్కింటికి నడుముపట్టీలు లేవు. వాని పూర్వపు బ్రేకులు కొత్త ఇంజను కొరకును, ఎక్కిన జనము కొరకును చేసినవి కావు. అరిగిన డీజిలు ఇంజను నల్లని పొగ కక్కును. ఇరుకైన వీథులలో ఆ పొగను పీల్చువారు పిల్లలు, వృద్ధులు. అక్కడి బంకులలో ఇంధనము చాలక, ప్రభుత్వపు నిలువల నుండి దొడ్డిదారిన వచ్చిన డీజిలుతో ఎన్నియో బండ్లు నడచినమాటయు నిజము. కొత్త కారు కొనగలిగినచో వారిలో పలువురు ఈ పాటు పడియుండరు. ఇది తెలిసియే వారిని మెచ్చవలెనని నా మనవి.

కొనవచ్చునని చట్టము చెప్పిన నాడేమి జరిగినది? 2011లో ప్రభుత్వము ఏ కాలపు కారునైనను జనులు తమలో తాము కొనుట, అమ్ముట చట్టసమ్మతము చేసెను. 2014 జనవరిలో ప్రభుత్వపు అంగళ్లలో అనుమతిపత్రము లేకుండనే కారు కొనవచ్చు నని ప్రకటించెను. జనులు ఉత్సాహముతో పోయి చూచిరి. ఫ్రాన్సు దేశపు పెజో 508 అను కారు వెల 2,62,000 డాలర్లని వ్రాసియుండెను. అప్పటి ప్రభుత్వోద్యోగి నెల జీతము సగటున సుమారు 20 డాలర్లు. వేయి సంవత్సరములు తినక త్రాగక కూడబెట్టినను ఆ సొమ్ము చేరదు. చూచినవారు నవ్వుకొని యింటికి పోయి, పాత కారు మూత యెత్తిరి. తలుపు తెరచిరి గాని గడప ఆకాశమున కట్టిరి.

ఆ దినములలోనే మరియొక మార్పు వచ్చెను. 2015లో అమెరికా, క్యూబా దేశములు తిరిగి దౌత్యసంబంధములు నెలకొల్పుకొనెను. అమెరికా యాత్రికులు ఎక్కువగా రాసాగిరి. పైకప్పు లేని కార్లకు గులాబి, ఆకుపచ్చ రంగులు వేసి వారిని త్రిప్పువారు పెరిగిరి. అప్పుడు ఒక ప్రశ్న పుట్టెను. అమెరికా ఇంజనే యున్న కారు అసలైనదా, రష్యా ఇంజను వేసిన కారు నకిలీయా? పాత వస్తువులను సేకరించు ధనికుల లెక్కలో మొదటిదే విలువైనది. పుట్టినప్పటి ఇంజను, పుట్టినప్పటి రంగు, పుట్టినప్పటి గాజు ఉన్నచో వారు దానిని అసలైన దందురు.

నేను ఆ లెక్కను పూర్తిగా త్రోసివేయను. ప్రదర్శనశాలలో నిలుపదగిన కారు ఉన్నది ఉన్నట్లుండుట మేలు. 1950లో మనుష్యులు ఏ వస్తువును ఎట్లు చేసిరో అది మనకు చూపును. కాని నడచుచున్న కారు మరియొక చరిత్రను చెప్పును. చట్రము 1952 నాటి అమెరికాను, ఇంజను 1970 దశకపు రష్యాను, రేడియేటరు 1990 దశకపు కరువును, గేరుపెట్టె తరువాత వచ్చిన జపానును తెలుపును. నడుమ నున్న అతుకులు క్యూబాను తెలుపును. మన ప్రాచీన దేవాలయములలో గర్భగుడి ఒక రాజు కాలమునాటిది, మండపము మరియొక రాజు నాటిది, గోపురము తరువాతి వారిది అయియుండుట మీరు చూచియే యుందురు. ఆ గుడి నకిలీ యని ఎవరును అనరు. ఒక్కొక్క తరము తన కాలములో దానిని పడిపోనీయక నిలిపినదని అందుము. గుడికి చెల్లిన న్యాయము బండికిని చెల్లవలెను.

మన తెలుగువారికి ఈ విద్య పూర్తిగా క్రొత్తది కాదు. స్వాతంత్ర్యానంతరము మన దేశములోను కార్ల దిగుమతికి కఠినమైన నిబంధనలుండెను. ఉన్న బండినే మరల మరల బాగుచేసికొనుట మనకును అలవాటయ్యెను. 1950 దశకములో మద్రాసులోని సింప్సన్ కంపెనీవారు ఇంగ్లీషు పెర్కిన్స్ డీజిలు ఇంజనులను తయారుచేయ మొదలిడిరి. పెట్రోలుతో నడచిన లారీలలో పాత ఇంజను తీసి అట్టి డీజిలు ఇంజనును బిగించుకొనుట ఆనాటి లారీల యజమానులు ఎరిగిన పని. తరువాతి దశాబ్దములలో పాత జీపులకును డీజిలు ఇంజనులు వేసి, వానిలో పదునైదుగురు జనమును, పైన ధాన్యపు బస్తాలను మోయించుట మన ఊళ్లలో పెద్దలు కన్నులార చూచినదే. కఱ్ఱచక్రముల స్థానమున రబ్బరు చక్రములు వేసి టైరు బండి చేసికొన్నప్పుడు మన వడ్రంగియు కమ్మరియు చేసినది ఆ జాతి పనియే. వారి పేర్లు ఏ శాసనములోను లేవు.

హవానా మేస్త్రీల గతియు అంతియే. నేడు ఆ ద్వీపములో ఉన్న పాత అమెరికా కార్లు సుమారు 60,000 అని తఱచుగా చెప్పెడి యంచనా. 2024 మార్చిలో అచ్చటి ప్రభుత్వము లీటరు పెట్రోలు వెలను 25 పెసోల నుండి 132 పెసోలకు పెంచెను. అదే యేట అక్టోబరులో దేశమంతటను విద్యుత్తు ఆగి ద్వీపము చీకటిలో మునిగెను. విద్యుత్తు లేక లేతు యంత్రము తిరుగదు. ఇంధనము లేక కారు కదలదు. ఎద్దును మార్చగల నేర్పు ఉన్నను, మేతయే లేని నాడు ఆ నేర్పు ఏమి చేయగలదు? ఆ పనివాండ్ర కొడుకులు అనేకులు దేశము విడిచిపోయిరి. కార్ల కన్న ముందు ఆ విద్య అంతరించునేమో యను భయము నాకు కలదు.

యుద్ధములు, ఒడంబడికలు, నిషేధములు చరిత్రగ్రంథములలో పెద్ద అక్షరములతో వ్రాయబడును. ఆ నిషేధములు మోపిన బరువును దినదినము భుజమున మోసి, బండి ఆగకుండ చూచిన వాని పేరు వ్రాయబడదు. క్యూబా కార్లను నిలిపినది విప్లవమును కాదు, ఆంక్షయు కాదు. ఆ రెంటి నడుమ చిక్కుకొని, ఇంటివారికి అన్నము పెట్టవలసియుండిన పనివాడు నిలిపెను. మీ యూరిలో నట్టివాడు, మరలు బిగించువాడో, నాగలి సరిచేయువాడో, పాత ఇంజనును మరల పాడించువాడో ఒకడు తప్పక ఉండును. అతని దగ్గర కూర్చుండి పని నేర్చుకొను కుఱ్ఱవాడు ఉన్నాడో లేడో ఒకసారి విచారింపుడు. లేకున్నచో ఒకనిని కూర్చుండబెట్టుడు. విద్య పోయిన పిమ్మట దానిని తెచ్చి బిగించుటకు మరియొక దేశపు దుకాణము దొరకదు.